పరమాణువు గతించెను, ఎలక్ట్రాను నిలిచెను

2022వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన గిట్‌హబ్ సంస్థవారు, తాము కని పెంచిన ‘ఆటమ్’ అను కోడు ఎడిటరు యొక్క మూలమునంతయు చదువుటకు మాత్రమే వీలగునట్లు భద్రపఱచి, దాని అభివృద్ధికి స్వస్తి చెప్పిరి. ఆటమ్ అనగా పరమాణువు. ఆ పరమాణువు నిలుచుటకై దాని చుట్టును ఒక చిప్పవలె 2013లో అల్లబడి, తొలుత ‘ఆటమ్ షెల్’ అనియు, పిదప ‘ఎలక్ట్రాన్’ అనియు పిలువబడిన ఉపకరణము మాత్రము ఆ దినమున గతింపలేదు. అప్పటికే స్లాక్, డిస్కార్డ్, విజువల్ స్టూడియో కోడ్ మున్నగు ప్రోగ్రాములు, ప్రపంచమునందలి కోట్లకొలది బల్లలమీద దినదినము తెరువబడునవి, దానినే ఆధారము చేసికొని యుండెను. దేవాలయము కట్టుటకై నిలిపిన పరంజా, ఆ దేవాలయము కాలగర్భమున కలిసిన పిమ్మట గూడ నిలిచి, అన్యగోపురములను మోయుచుండుట శిల్పులెవ్వరును వినని సంగతి. సాఫ్ట్‌వేరు చరిత్రయందు మాత్రము ఇది మన కన్నులయెదుటనే జరిగినది. ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు ముప్పది సంవత్సరములకు పైగా వెనుకకు పోవలసియున్నది.

బల్లమీద నుండు కంప్యూటరునకు ప్రోగ్రాము వ్రాయుట చిరకాలము ఇంటికొక తీరున నేర్వవలసిన విద్యగా నుండెను. ఆపిల్‌వారి మెకింటాషు 1984 జనవరిలోను, మైక్రోసాఫ్టువారి విండోసు 1985 నవంబరులోను జనుల యెదుటికి వచ్చెను. యూనిక్సు కుటుంబమువారికి ఎక్స్ విండో వ్యవస్థ అను మూడవ మార్గము కలదు. తెరమీద ఒక కిటికీని తెరచి, అందొక బొత్తామును నిలిపి, దానిని నొక్కినపుడు ఒక పని జరుగునట్లు చేయుటకు ఈ మూడిండ్లలో మూడు వేర్వేరు మర్యాదలు పాటింపవలసి యుండుటచేత, ఒక యింట ఎంతయో శ్రమించి కట్టిన ప్రోగ్రాము పొరుగింట అడుగు పెట్టవలెనన్నచో దానిని పునాదులనుండి మరల కట్టవలసి వచ్చెడిది. 1991లో వెలువడిన విజువల్ బేసిక్, బొత్తాములను చేతితో లాగి అమర్చుకొను సౌలభ్యమును కల్పించి, ఈ శ్రమను చాలవరకు తగ్గించెను. కాని ఆ సౌలభ్యము విండోసు గడప దాటలేదు. 1995లో సన్ సంస్థవారు జావా భాషను తెచ్చి, ఒకమారు వ్రాసినది ఎచ్చటనైనను నడచునని చాటిరి; అది సర్వరులయందు చక్కగా నెరవేరినది గాని, బల్లమీది తెరపై జావా గీసిన కిటికీలు ఏ యింటికిని చెందని అతిథివలె కనబడుటచేత సామాన్యునకు రుచింపలేదు. నార్వేలో పుట్టిన ‘క్యూట్’ మూడిండ్లకును సరిపడు ఉత్తమోపకరణము, నేటికిని నేను దానిని మిక్కిలి గౌరవింతును. అయినను దానిని వాడుటకు సి ప్లస్ ప్లస్ వంటి కఠినభాషయందు ఆరితేరియుండవలెను, అట్టివారు ఎన్నడును కొలదిమందియే.

వెబ్బు పుట్టుక వేఱు. జెనీవా చెంతనున్న సెర్న్ ప్రయోగశాలయందు టిమ్ బర్నర్స్-లీ 1989లో ఒక ప్రతిపాదనము వ్రాసి, 1990వ సంవత్సరము ముగియునప్పటికి నెక్స్ట్ అను కంప్యూటరుమీద మొదటి బ్రౌజరును నిర్మించెను. ఆ తొలి బ్రౌజరు పుటలను చూపుటతో ఆగక వానిని దిద్దుటకును, క్రొత్తవి వ్రాయుటకును వీలైనదిగా నుండెనను సంగతిని చరిత్ర చెప్పువారు తఱచు విస్మరింతురు. చదువరియే రచయితయు కావలెననునది ఆయన సంకల్పము. 1993లో వచ్చిన మొజాయిక్ మొదలుకొని వెబ్బును లోకమున వ్యాపింపజేసిన బ్రౌజరులు చదువుటకే ప్రాధాన్యమిచ్చి దిద్దుటను విడిచిపెట్టెను. కావున వెబ్బు పుట తన బాల్యమునుండియు ఒక లేఖవంటిదై పెరిగెను. ఎక్కడనో యున్న అపరిచితుడు వ్రాసి పంపిన ఉత్తరము మన యింటికి వచ్చును. దానిని చదువుకొనవచ్చును గాని, ఆ ఉత్తరమే లేచి మన భోషాణము మూత తెరచి చూడరాదు. బ్రౌజరు నిర్మాతలు కట్టిన గోడ ఇదియే. 1995 మే మాసమున నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో జావాస్క్రిప్టు భాషకు తొలిరూపము నిచ్చినపుడును ఈ గోడ కదలలేదు. పుటకు చలనము వచ్చినది, బొత్తాము నొక్కిన బదులు పలుకుట వచ్చినది. కాని మన ఫైళ్ళున్న భోషాణము దానికి అందదు. అపరిచితుల వ్రాతను నిర్భయముగా ఇంటిలోనికి రానిచ్చుటకు వీలు కల్పించినది ఈ నిషేధమే కాబట్టి, వెబ్బు యొక్క మహావ్యాప్తికి మూలకారణములలో దీనిని ముందు వరుసన నిలుపవలెనని నా యభిప్రాయము.

ఈ గోడకు ఒక ద్వారమును తెరచినవారు మైక్రోసాఫ్టువారు. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అయిదవ కూర్పుతో ‘హెచ్.టి.ఎం.ఎల్. అప్లికేషను’ అను క్రొత్త ప్రక్రియను వారు ప్రవేశపెట్టిరి. మామూలు వెబ్బు పుటవలెనే వ్రాసి, ఫైలు పేరు చివర ‘హెచ్‌టిఏ’ అని చేర్చినచో, విండోసు దానిని పరాయి లేఖగా గాక ఇంటి మనిషిగా భావించి సర్వాధికారముల నొసగును. కార్యాలయములయందు కంప్యూటరులను పర్యవేక్షించువారు చిన్న చిన్న పనిముట్లను దీనితో గంటలలో చేసికొనిరి; దుష్టులును దీనిని అంతే త్వరగా కనిపెట్టి వైరసులకు వాహనముగా వాడుకొనిరి. అదే కాలమున మొజిల్లావారు వ్యతిరేకదిశనుండి వచ్చిరి. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ మూలము బహిరంగమైన తరువాత, వారు బ్రౌజరు యొక్క మెనూలను, బొత్తాములను, పట్టీలను గూడ వెబ్బు పుటను పోలిన ‘జూల్’ అను భాషలో వ్రాసి, జావాస్క్రిప్టుతో నడిపి, సి.ఎస్.ఎస్.తో అలంకరించిరి. 2004 నవంబరు 9న వెలువడిన ఫైర్‌ఫాక్సు మొదటి కూర్పు ఆ విధముగా కట్టినదే. అనగా ఉత్తరములు చదువుటకు కట్టిన గది గోడలే ఉత్తరముల కాగితముతో కట్టబడినవి! జూల్ తరువాత క్రమముగా అంతరించినది గాని, వెబ్బు విద్యతో సంపూర్ణమైన బల్లమీది ప్రోగ్రామును కట్టవచ్చునను నిదర్శనమును అది లోకమున కిచ్చిపోయినది.

ఇంతలో శిల్పుల సంఖ్య పెరిగెను. 2004 ఏప్రిలు 1న గూగులువారి జీమెయిలు, 2005 ఫిబ్రవరిలో గూగులు మ్యాపులు వచ్చినపుడు, పుటను మరల మరల తెప్పించుకొనకయే సర్వరుతో సంభాషించు విధానము జనులకు పరిచితమయ్యెను. ఆ ఫిబ్రవరిలోనే జెస్సీ జేమ్స్ గారెట్ దానికి ‘అజాక్సు’ అని నామకరణము చేసెను. ఆ విధానమునకు మూలమైన సాధనమును కొన్ని యేండ్లకు ముందు నిర్మించినవారు తమ ఔట్‌లుక్ మెయిలును బ్రౌజరునందు చూపదలచిన మైక్రోసాఫ్టువారే. జీతముల మార్కెట్టు వెంటనే ఇటు తిరిగెను. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయముల బోర్డులమీద విజువల్ బేసిక్ పేరు క్రమముగా మాసి, హెచ్.టి.ఎం.ఎల్., జావాస్క్రిప్టు అను పేర్లు పైకి వచ్చుట చూచినవారు మనలో ననేకులు కలరు. ఇన్ని వేల చేతులకు ఒకే విద్య వచ్చియుండగా, మూడిండ్లకు మూడు బృందములను పోషించుట యజమానులకు భారమని తోచుట సహజము. 2008 ఫిబ్రవరిలో అడోబివారు ‘ఎయిర్’ అను సాధనమును విడుదల చేసి, వెబ్బు విద్యతోను ఫ్లాషుతోను బల్లమీది ప్రోగ్రాములు కట్టుకొనుడని పిలిచిరి. ట్విట్టరు వాడువారికి ప్రియమైన ట్వీట్‌డెక్ ఆ విధముగా పుట్టినదే. కాని ఎయిర్ ఆధారముగా కట్టిన ప్రోగ్రామును నడుపుటకు ముందు ఎయిర్‌ను వేఱుగా ప్రతిష్ఠించుకొనవలెను, అది ఒకే సంస్థ సొత్తు, ఆరంభమున యంత్రమునందలి ఇతర ప్రోగ్రాములను నడిపించు అధికారము గూడ దానికి లేదు. ఫ్లాషు క్షీణించిన కొలది ఎయిర్ సైతము మఱుగున పడెను.

అడోబివారు ఎయిర్‌ను విడుదల చేసిన యేటనే, సెప్టెంబరు 2న, గూగులువారి క్రోమ్ బ్రౌజరు వెలువడినది. దానిలోపలి జావాస్క్రిప్టు యంత్రమైన ‘వి8’ డెన్మార్కుదేశపు ఆర్హుస్ నగరమున లార్స్ బాక్ బృందముచే నిర్మింపబడి, ఆ భాష అంతవరకు ఎరుగని వేగమును దానికి ప్రసాదించెను. క్రోమ్ మూలము ‘క్రోమియం’ అను పేర ఎవరైనను తీసికొనునట్లు ఇయ్యబడెను. మరుసటి యేడు రయన్ డాల్ ఆ వి8ను బ్రౌజరునుండి పెరికి తెచ్చి, దానికి ఫైళ్ళు తెరచుటయు, నెట్‌వర్కుతో మాటలాడుటయు నేర్పి, ‘నోడ్’ అని పేరిడి, 2009 నవంబరులో బెర్లిను సభయందు ప్రదర్శించెను. నోడ్ సర్వరుల కొఱకు పుట్టినది. బల్లమీది కిటికీల ఊసు దానికి లేదు. అయినను గోడకు అవతల పుట్టి పెరిగిన జావాస్క్రిప్టు, దీనితో గోడకు ఇవతల, భోషాణము ప్రక్కన, స్వాధీనముగా నిలిచినది. క్రోమియం చేత రూపము, నోడ్ చేత అధికారము. ఈ రెంటిని ఒకచోట చేర్చుటయే మిగిలియున్నది.

చేర్చిన పని చైనాదేశమున, ఇంటెల్ సంస్థయొక్క ఓపెన్ సోర్సు కేంద్రమున జరిగెను. అచ్చట రోజర్ వాంగ్ 2011లో ‘నోడ్-వెబ్‌కిట్’ అను ప్రయోగమును ఆరంభించెను. 2012లో శిక్షణార్థిగా చెంగ్ ఝావో అను యువకుడు ఆ పనియందు చేరెను. ఇచ్చట ఎదురైన చిక్కు వివరముగా చెప్పదగినది. కిటికీలుగల ఏ ప్రోగ్రామైనను లోలోపల ఒక కావలివానివంటిది. మౌసు కదలినదా, మీట నొక్కబడినదా అని ఒక ద్వారమువద్ద కూర్చుండి కునుకుచుండును. పిలుపు వచ్చినచో లేచి ఆ పని చూచి, మరల కూర్చుండును. ప్రోగ్రామరులు దీనిని ఈవెంట్ లూప్ అందురు. నోడ్ గూడ అట్టి కావలివాడే. కాని అది ఎదురుచూచునది ఫైలు చదువబడినదా, నెట్‌వర్కునుండి ఉత్తరము వచ్చినదా అని. ఒకే కావలివాడు ఒకే సమయమున రెండు వేర్వేరు ద్వారములచెంత నిద్రింపజాలడు కదా. కిటికీ ద్వారమున కూర్చున్నచో ఫైలు పిలుపు వినబడదు. ఫైలు ద్వారమున కూర్చున్నచో తెర స్తంభించును. మొదట వారు పుటను చిత్రించు ప్రాసెసునందలి క్రోమియం లూపును తొలగించి నోడ్ లూపును అచ్చట నిలిపిరి. అది సులభముగానే సాగెను. కాని కిటికీలకు అధిపతియైన ప్రధాన ప్రాసెసునందు విండోసు, మ్యాకు, లినక్సు మూడును మూడు విధములైన లూపులను కోరుటచేత ఆ ఉపాయము నిలువలేదు. పిమ్మట కొలది క్షణములకొకమారు లేచి రెండవ ద్వారమును చూచి వచ్చు పద్ధతిని ప్రయత్నింపగా, ఊరక లేచుటకే యంత్రశక్తి వ్యయమై, పనులును మందగించెను.

తరువాత చెంగ్ ఝావో గిట్‌హబ్ పక్షమున ఆటమ్ షెల్‌ను నిర్మించునపుడు వేసిన ఉపాయము చదివిన ప్రతిసారి నన్ను ముగ్ధుని చేయును. నోడ్ క్రింద నుండు ‘లిబ్‌యువి’ అను గ్రంథాలయము, తాను ఎదురుచూచుచున్న ద్వారములన్నిటికిని కలిపి ఒక్క గంటను బయటికి వ్రేలాడదీయును. ఆయన ఆ గంటచెంత ఒక ప్రత్యేకమైన థ్రెడ్‌ను కూర్చుండబెట్టెను. గంట మ్రోగినపుడు అది స్వయముగా ఏ పనియు చేయక, కిటికీ ద్వారమునందలి కావలివానికి ఒక వార్తను పంపును. వాడు తన సహజమైన క్రమములోనే లేచి నోడ్ పనిని గూడ చేసి పెట్టును. ఈ పద్ధతిలో క్రోమియమునందు గాని నోడ్‌నందు గాని ఆ భాగమును పగులగొట్టి మార్చవలసిన అవసరము రాలేదు. ఇరువురు ఉద్దండులను కాపురము చేయించుటకు ఇరువురిలో ఎవ్వరిని గాయపఱుపకుండ ఒక వార్తాహరుని మధ్య నిలిపిన ఈ వివేకము ఎలక్ట్రాను యొక్క దీర్ఘాయువునకు ముఖ్యకారణము. క్రోమియం కొన్ని వారములకొకమారు మారుచుండును. దానితో సమముగా నడువగలిగినవాడే బ్రతుకును. 2021నుండి ఎలక్ట్రాన్ ప్రతి ఎనిమిది వారములకు ఒక క్రొత్త కూర్పును విడుదల చేయుచు ఆ నడకను అనుసరించుచున్నది.

ఇక ఆటమ్ సంగతి. గిట్‌హబ్ స్థాపకులలో ఒకరైన క్రిస్ వాన్‌స్ట్రాత్ చాలకాలముగా కన్న కల అది. వాడువాడు తనకు వలసినట్లు లోలోపలివరకు మార్చుకొనగల ఎడిటరు, ఈమాక్స్ అను పాత ఎడిటరు వంటి శక్తిగలదైనను వెబ్బు విద్య తెలిసిన వారెవ్వరైనను విప్పి చూడగలది కావలెనని ఆయన ఆశించెను. 2014 ఫిబ్రవరిలో అది జనుల ముందుకు వచ్చెను; మే 6న షెల్‌తో సహా మూలమంతయు బహిరంగమయ్యెను. రంగులు, గుర్తులు, మెనూలు, సమస్తమును సి.ఎస్.ఎస్.తో మార్చుకొను స్వేచ్ఛ వాడుకరులను సమ్మోహితులను చేసినది. అది మందకొడి యని గూడ తొలిదినమునుండియే పేరు వచ్చినది. ఆరంభకాలమున 2 మెగాబైట్లను మించిన ఫైలును అది తెరువజాలకపోయెను. మరుసటి యేడు ఏప్రిలులో షెల్‌నకు ఎలక్ట్రాన్ అని పేరు మార్చిరి. పరమాణువునందలి అంశమే యైనను పరమాణువును విడిచి సంచరింపగలది ఎలక్ట్రాను. ఆ నామకరణమునందు భవిష్యత్తు తెలిసియో తెలియకయో పలికినది.

ఆ ఏప్రిలు 29ననే మైక్రోసాఫ్టువారు విజువల్ స్టూడియో కోడ్‌ను ప్రకటించిరి. దాని వెనుక నున్నవాడు జ్యూరిక్ నగరమున పనిచేయుచుండిన ఎరిక్ గామా. ‘మొనాకో’ అను పేర బ్రౌజరునందే నడచు ఎడిటరును కొన్ని సంవత్సరములుగా ఆయన బృందము చెక్కుచుండెను. ఆ ఎడిటరును ఎలక్ట్రాను చిప్పలో నుంచగానే అది బల్లమీది ప్రోగ్రామయ్యెను. ఆటమ్, కోడ్ రెండును ఒకే పరంజామీద నిలిచినవి. అయినను రెండవది చుఱుకుగా నడచుటచేత, మందగమనమునకు సర్వదోషమును వెబ్బు పనిముట్లపై మోపుట న్యాయము కాదని తేటపడినది. ఒక నిదర్శనము చెప్పెదను. కోడ్‌నందు మొదట ప్రతి పంక్తికిని ఒక్కొక్క వస్తువును మెమరీలో నిలుపుచుండిరి. ఒక వాడుకరి 35 మెగాబైట్ల ఫైలును, అందు సుమారు 1 కోటి 37 లక్షల పంక్తులున్నదానిని, తెరువబోగా అది తెరువబడలేదు; విచారింపగా ఆ చిన్న చిన్న వస్తువులన్నియు కలిసి 600 మెగాబైట్లు ఆక్రమించునని తేలినది. 2018 మార్చిలో వారు ‘పీస్ ట్రీ’ అను వృక్షాకారమైన నిర్మాణమును స్వీకరించి, పంక్తులను విడివిడిగా గాక ఖండములుగా దాచి, ఆ చిక్కును తొలగించిరి. దానిని గూడ జావాస్క్రిప్టుగా మారు టైప్‌స్క్రిప్టు భాషలోనే వ్రాసిరి. శిల్పి శ్రద్ధవహించినచో ఉలి వంకపెట్టదగినది కాదని దీనివలన నేను గ్రహించితిని. అదే సంవత్సరము మైక్రోసాఫ్టువారు గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుటతో రెండు ఎడిటరులును ఒకే యజమాని యింట చేరెను. ఆటమ్ నాటినుండియే కృశించినది.

మూల్యమును గూర్చి నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఎలక్ట్రానుతో కట్టిన ప్రతి ప్రోగ్రామును తన సొంత క్రోమియమును, తన సొంత నోడ్‌ను మూటగట్టుకొని వచ్చును. ఒక చిన్న గడియారమును చూపు ప్రోగ్రామైనను నూరు మెగాబైట్లకు మించిన స్థలమును గ్రహించును. అట్టి అయిదారు ప్రోగ్రాములు ఒక్కమారు తెరచినచో, అయిదారు బ్రౌజరులు ఒకదానినొకటి ఎరుగకుండ ఒకే యింట వేర్వేరు పొయ్యిలు వెలిగించినట్లగును. ఖరీదైన కంప్యూటరులు గలవారికి ఇది పట్టదు. 4 గిగాబైట్ల మెమరీతో కళాశాల చదువు గడుపుకొను విద్యార్థికి ఇది పట్టును. అతని యంత్రము వేడెక్కి మూలుగుచుండగా నిర్మాతలు తమకు కలిగిన ఆదాను మాత్రమే లెక్కించుట నాకు బాధ కలిగించును.

అంతకంటె గంభీరమైనది గోడ సంగతి. పుటకు నోడ్ అధికారము లభించినపుడు, ఆ పుటలోనికి పరాయివాని వ్రాత ఏ రంధ్రమునుండి యైనను జొరబడెనేని, అది భోషాణము ప్రక్కనే నిలిచియుండును. మామూలు బ్రౌజరునందు ఒక పుటను మాత్రము చెఱచు దోషము, ఇచ్చట యంత్రమునంతటిని పరాధీనము చేయగలదు. ఈ అపాయము అనుభవముచే తెలిసినకొలది ఎలక్ట్రాన్ నిర్మాతలు తాము పడగొట్టిన గోడను ఇటుక యిటుకగా మరల ఎత్తనారంభించిరి. 2019లోని అయిదవ కూర్పునుండి పుటకు నోడ్ అధికారము అడిగిన గాని ఇయ్యబడదు. 2021లోని పండ్రెండవ కూర్పునుండి పుటయొక్క జావాస్క్రిప్టునకును, అధికారముగల జావాస్క్రిప్టునకును మధ్య మఱియొక అడ్డుతెర సహజముగనే వ్రేలాడును. నేడు జాగ్రత్తగా కట్టిన ప్రోగ్రామునందు, పుట తనకేది కావలెనో చిన్న గవాక్షమునుండి విన్నవించుకొనును, లోపలివాడు విచారించి ఇచ్చును. ముప్పది యేండ్ల క్రిందట బ్రౌజరు నిర్మాతలు నేర్చిన పాఠమునే వీరును తమ సొంత వ్యయముతో నేర్చిరి.

తెలుగువారికి ఈ చరిత్రతో గల ప్రత్యేకసంబంధమును చెప్పక విడువజాలను. మన లిపియందు అక్షరము ఒక్కచోట నిలువదు. తలకట్టు, గుణింతము, వత్తు మీదికిని క్రిందికిని ప్రక్కకును వ్యాపించును. 1991లో యూనికోడ్ తొలికూర్పునందే తెలుగునకు స్థానము లభించినను, 2001లో విండోసు ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినను, ఆ సంకేతములను చక్కగా కూర్చు యంత్రము ఒక్కొక్క యింట ఒక్కొక్క తీరున నుండుటచేత, ఒకచోట సరిగా నున్న ‘స్త్రీ’ వేఱొకచోట వత్తులు విడిపోయి దర్శనమిచ్చెడిది. క్రోమియమునందు అక్షరములను కూర్చునది ‘హార్ఫ్‌బజ్’ అను బహిరంగ గ్రంథాలయము. అది ప్రోగ్రాముతోపాటే వచ్చునది కావున విండోసునందును లినక్సునందును ఒకే తీరున కూర్చును. వెబ్బు పుటవలెనే ఫాంటును గూడ వెంట తెచ్చుకొనవచ్చును. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మండలి, గురజాడ, గిడుగు అను పేర్లతో స్వేచ్ఛగా లభించు తెలుగు ఫాంటులలో దేనినైనను ఒక నిఘంటువు ప్రోగ్రామునందు పొదిగినచో, వాడువాని యంత్రమున తెలుగు ఫాంటు లేకపోయినను అక్షరము తప్పదు. యంత్రపు సొంత అక్షరవ్యవస్థపై ఆధారపడుటలోని అపాయము 2018 ఫిబ్రవరిలో లోకమునకంతయు తెలిసినది: ‘జ్ఞా’ అను మన సంయుక్తాక్షరము ఒక అదృశ్యసంకేతముతో కూడి వచ్చినంతమాత్రమున ఆపిల్‌వారి ఫోనులలోను కంప్యూటరులలోను సందేశములు చూపు ప్రోగ్రాములు కుప్పకూలెను, ఆ నెల 19న వారు దిద్దుబాటు విడుదల చేయవలసివచ్చెను. మూటబరువును నిందించునపుడు, ఆ మూటలో మన వత్తులు క్షేమముగా వచ్చుచున్నవను సంగతిని గూడ తలచుట ధర్మము.

ఇటీవల కొందఱు మూటను దింపుటకు యత్నించుచున్నారు. రస్ట్ భాషలో కట్టబడి 2022 జూనులో మొదటి స్థిరకూర్పును పొందిన ‘టౌరీ’, క్రోమియమును వెంట తేక, విండోసునందు మైక్రోసాఫ్టువారి వెబ్‌వ్యూ2ను, మ్యాకునందు ఆపిల్‌వారి వెబ్‌కిట్‌ను, లినక్సునందు వెబ్‌కిట్ జిటికెను వాడుకొనును. ప్రోగ్రాము కొద్ది మెగాబైట్లకు తగ్గును. అయితే మూడిండ్లలో మూడు యంత్రములు పుటను చిత్రించుచుండగా, ఒకచోట ఒదిగిన అమరిక మఱియొకచోట ఒదుగునో లేదో మూడింటను నడపి చూచుకొనవలెను. వదలిపోయినదనుకొన్న పాత కష్టము వేఱొక ద్వారమునుండి కొంత మరలివచ్చును. మైక్రోసాఫ్టువారు తమ టీమ్స్ ప్రోగ్రామును 2023లో ఎలక్ట్రానునుండి వెబ్‌వ్యూ2నకు తరలించిరి; తమ విజువల్ స్టూడియో కోడ్‌ను మాత్రము ఎలక్ట్రానుమీదనే యుంచిరి.

ఆటమ్‌ను కట్టినవారిలో నాథన్ సోబో, ఆంటోనియో స్కాండుర్రా, మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ అను మువ్వురు పిమ్మట ‘జెడ్’ అను క్రొత్త ఎడిటరును నిర్మింపబూనిరి. అందు వెబ్బు పుట లేదు, క్రోమియం లేదు, జావాస్క్రిప్టు లేదు. రస్ట్ భాషలో వ్రాసి, తెరమీది ప్రతి అక్షరమును ఆటల చిత్రములను గీయు జిపియుచేత స్వయముగా గీయించుచున్నారు. విండోసునకు, మ్యాకునకు, లినక్సునకు కావలసిన భాగములను వేర్వేరుగా చెక్కుచున్నారు. 2024 జనవరిలో దాని మూలమును గూడ బహిరంగము చేసిరి. బ్రన్స్‌ఫెల్డ్ నిర్మింపగా ఆటమ్‌నందు వాడబడిన ‘ట్రీ-సిట్టర్’, అనగా కోడు వ్రాయుచుండగనే దాని వ్యాకరణమును గ్రహించి రంగులు వేయు సాధనము, జెడ్‌నందును నియోవిమ్ అను మఱియొక ఎడిటరునందును పనిచేయుచున్నది. ఆటమ్ మూలము గిట్‌హబ్‌నందు ఇప్పటికిని తెరచియే యున్నది. చదువగోరువారు పోయి చదువుకొనవచ్చును.